తెరమీది రాజ్యాలు – 6వ భాగం: నాణెమంత బ్యాటరీ

1988 ఫిబ్రవరి 10, బుధవారం. టోక్యోలో చలి ఇంకా వదల్లేదు. పొద్దు పొడవకముందే ఎలక్ట్రానిక్స్ దుకాణాల ముందు జనం బారులు తీరారు. ఉద్యోగాలకు సెలవు పెట్టినవాళ్లు, కాలేజీ కుర్రాళ్లు, ఆ పూట బడిలో ఉండాల్సిన పిల్లలు, అందరూ ఒకే క్యాసెట్ కోసం వచ్చారు. దాని పేరు 'డ్రాగన్ క్వెస్ట్ 3'. ఆ ఒక్కరోజే పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. బడి ఎగ్గొట్టి వరసలో నిలబడ్డ పిల్లలను పోలీసులు వందల సంఖ్యలో పట్టుకుని మందలించి పంపారు. కొన్నిచోట్ల అల్లరిమూకలు పిల్లల చేతుల్లోంచి కొత్త క్యాసెట్లు లాక్కుపోయాయి. ఈ రభస చూశాక, ఇలాంటి ఆటలు సెలవురోజుల్లోనే విడుదల చేయాలని జపాన్‌లో చట్టం చేశారన్న కథ ఒకటి పుట్టింది. ఇప్పటికీ దాన్ని నమ్మేవాళ్లున్నారు. అలాంటి చట్టం ఏదీ లేదు. గొడవ ఎందుకని కంపెనీయే విడుదల తేదీలను సెలవురోజులకు మార్చుకుంది.

కిందటి భాగంలో 1983 జూలై 15న నింటెండో కంపెనీ 'ఫామికామ్' అనే ఎరుపు తెలుపు పెట్టెను 14,800 యెన్లకు అమ్మకానికి పెట్టిన కథ చెప్పుకున్నాం. అదే ఏడు అమెరికాలో వీడియో గేముల వ్యాపారం కూలిపోవడం, 1985 సెప్టెంబరులో 'సూపర్ మారియో బ్రదర్స్' వచ్చి జపాన్ పిల్లల బొటనవేళ్లకు కొత్త పని కల్పించడం కూడా చూశాం. మారియో దూకుతాడు, పరిగెత్తుతాడు, చస్తే మళ్లీ మొదటికొస్తాడు. అరగంటలో ఒక ఆట అయిపోతుంది. ఈ భాగంలో మనం చూడబోయే ఆటలో దూకడం లేదు. చదవాలి, ఆలోచించాలి, ఊరూరూ తిరిగి మనుషులతో మాట్లాడాలి. ముగించడానికి వారాలు పడుతుంది. అలాంటి ఆట కోసం జపాన్‌లో బళ్లు ఎందుకు ఖాళీ అయ్యాయి? అదే పెట్టెకు నకళ్లు మన హైదరాబాదు తార్నాక ఇళ్లలో కూడా కనిపించిన రోజుల్లో, ఈ ఆటలు మాత్రం మన గడప ఎందుకు తొక్కలేదు?

మొదటి ప్రశ్నకు జవాబు వెతకాలంటే కొంచెం వెనక్కి, అదీ విశ్వవిద్యాలయాల్లోకి వెళ్లాలి. ఈ తరహా ఆటల వంశవృక్షం చాలావరకు క్యాంపస్‌లలోనే మొలిచింది. 1974లో అమెరికాలో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' వచ్చింది. కాగితం, పెన్సిలు, పాచికలతో నలుగురు కూర్చుని ఆడే కథల ఆట అది. ఆ మరుసటి ఏడే ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ప్లేటో అనే పెద్ద కంప్యూటర్ మీద కుర్రవాళ్లు దాని నకలు రాసుకున్నారు. అది చదువు కోసం పెట్టిన కంప్యూటర్. ఆట కనిపిస్తే అధికారులు చెరిపేసేవారు. అందుకే ఒక ఆటకు ఎవరికీ అనుమానం రాకుండా 'పెడిట్5' అని పొడి పేరు పెట్టారు. అయినా చెరిపేశారు, మళ్లీ ఎక్కించారు. ఆ ప్లేటో ఆటల ప్రభావంతోనే కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థులు ఆండ్రూ గ్రీన్‌బర్గ్, రాబర్ట్ వుడ్‌హెడ్ 1981లో 'విజర్డ్రీ' తయారుచేశారు. అదే ఏడు టెక్సస్‌లో రిచర్డ్ గారియట్ 'అల్టిమా' తెచ్చాడు. ఒకదానిలో చీకటి సొరంగాలు, రెండోదానిలో విశాలమైన దేశపటం. రెండూ కీబోర్డు ముందు కూర్చుని, ఇంగ్లిషు చదువుకుంటూ ఆడాల్సినవి.

ఇప్పుడు టోక్యోకు వద్దాం. ఇళ్లస్థలాల ప్రకటనల పత్రికతో మొదలై, కంప్యూటర్ ఆటల వైపు మళ్లిన ఎనిక్స్ కంపెనీకి సొంతంగా ఆటలు రాసేవాళ్లు లేరు. 1982లో ఒక పోటీ పెట్టింది. మొదటి బహుమతి పది లక్షల యెన్లు. గెలిచినవాళ్లలో ఇద్దరు మనకు ముఖ్యం. ఒకరు వసేదా విశ్వవిద్యాలయంలో సాహిత్యం చదివి, పత్రికలకు రాసుకుంటూ బతుకుతున్న యూజీ హోరీ. ఇంకొకరు అప్పటికి హైస్కూలు కుర్రాడైన కోయిచి నకమురా. 1983లో కంపెనీ వాళ్లను శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన ఆపిల్ కంప్యూటర్ల ప్రదర్శనకు తీసుకెళ్లింది. అక్కడ 'విజర్డ్రీ' చూశారు. చూసి ఊరుకోలేదు, దాని మీద పడి ఆడారు.

హోరీ గొప్పతనమంతా ఆ తర్వాత వేసిన అడుగులో ఉంది. ఈ ఆట బాగుంది, కానీ మా ఊరి పిల్లాడికి కంప్యూటర్ లేదు, ఇంగ్లిషు రాదు, సొరంగం మ్యాపు కాగితం మీద గీసుకునే ఓపిక లేదు. వాడికి ఉన్నది ఫామికామ్. దాని చేతిపట్టీ మీద బాణాల మీట ఒకటి, బొత్తాలు రెండు. ఆ రెండు బొత్తాలతో మహాకథ చెప్పగలమా? చెప్పగలమనే హోరీ నమ్మకం. అప్పటికే కంప్యూటర్ల కోసం రాసిన తన నేరపరిశోధన ఆట 'పోర్టోపియా'ను 1985లో ఫామికామ్‌కు మార్చి ఆ నమ్మకాన్ని పరీక్షించుకున్నాడు కూడా. తెర మీద చిన్న కిటికీ తెరుచుకుంటుంది, అందులో 'మాట్లాడు', 'వెతుకు', 'తీసుకో' అని వరసగా ఉంటాయి, ఒకటి ఎంచుకుంటే చాలు.

1986 మే 27న 'డ్రాగన్ క్వెస్ట్' వచ్చింది. మొత్తం ఆట 64 కిలోబైట్లు. ఇవాళ ఫోన్‌తో తీసే ఒక్క ఫోటోలో అలాంటివి పాతిక ముప్పై పడతాయి. అంత చోటులో రాజ్యం, ఊళ్లు, గుహలు, భూతాలు, సంగీతం, కథ అన్నీ ఇమడాలి. జపనీయుల రెండు అక్షరమాలల్లో ఒకదాన్ని పూర్తిగా పెట్టడానికి కూడా జాగా చాలలేదు. కటకానాలో కొన్ని అక్షరాలే ఉంచుకుని, ఆ అక్షరాలతో వచ్చే పేర్లే భూతాలకూ మంత్రాలకూ పెట్టారు. కథానాయకుడి బొమ్మ ఎటు నడిచినా మొహం మనవైపే ఉంటుంది, ఎందుకంటే వీపు గీయడానికి చోటు లేదు. ఎవరితోనైనా మాట్లాడాలంటే తూర్పా, పడమరా అని దిక్కు కూడా చెప్పాలి. మెట్లు దిగాలంటే 'మెట్లు' అని ఎంచుకోవాలి.

ఇన్ని ఇబ్బందుల మధ్య ఆ ఆటలో ఒక చక్కని ఎత్తు ఉంది. కోట నుంచి మొదటిసారి బయటికి అడుగుపెట్టగానే, నీళ్లకు అవతల, శత్రువు కోట కనిపిస్తుంది. చూడ్డానికి నాలుగడుగుల దూరమే. కానీ అక్కడికి చేరడానికి లోకమంతా చుట్టిరావాలి. ఎక్కడికి పోవాలో మొదటి నిమిషంలోనే తెలుస్తుంది, ఎలా పోవాలో తెలుసుకోవడమే ఆట. ఇన్నేళ్ల తర్వాత, వేల కోట్లతో తీసిన ఆటలు ఆడినవాళ్లు కూడా, ఆ ఒక్క దృశ్యం దగ్గర ఆగి మెచ్చుకోవడం చూశాను. నా మటుకు నేను దీన్ని ఆటల రచనలో అత్యుత్తమమైన మొదటి పేజీ అంటాను.

బొమ్మలు వేయడానికి అకిరా తొరియామా వచ్చాడు. అప్పటికే 'షోనెన్ జంప్' వారపత్రికలో అతని 'డ్రాగన్ బాల్' నడుస్తోంది. అదే పత్రికలో హోరీ ఆటల శీర్షిక రాస్తాడు, సంపాదకుడు తొరిషిమా ఇద్దరినీ కలిపాడు. హోరీ కాగితం మీద జిగురుముద్దలా ఒక భూతాన్ని గీసిస్తే, తొరియామా దాన్ని నవ్వుమొహంతో ఉండే నీలం నీటిబొట్టుగా మార్చాడు. ఆ స్లైమ్ బొమ్మే ఇవాళ్టికీ ఈ ఆటకు గుర్తు. సంగీతానికి యాభై దాటిన కోయిచి సుగియామా దొరికాడు. టీవీ ప్రకటనలకూ సినిమా పాటలకూ సంగీతం కట్టిన పెద్దమనిషి. ఎనిక్స్ వాళ్ల చదరంగం లాంటి ఆటొకటి ఆడి, అందులో ఉన్న అభిప్రాయాల కార్డు నింపి పంపాడు. ఆ పేరు చూసి కంపెనీవాళ్లు నివ్వెరపోయి కబురు పెట్టారు. ఫామికామ్ ఒకేసారి మూడు స్వరాలు పలకగలదు, నాలుగోది రొద. ఆ మూడింటితోనే ఆయన రాజసభ సంగీతం కట్టాడు. 1987 ఆగస్టులో టోక్యో సంటోరీ హాల్లో వాద్యబృందంతో దాన్ని వినిపించారు.

మొదట్లో క్యాసెట్లు కదల్లేదు. జనానికి ఇదేమిటో అర్థం కాలేదు. హోరీ తన పత్రిక శీర్షికలో వారం వారం ఓపిగ్గా వివరించాడు: ఇది ఇలా ఆడాలి, ఓడిపోతే భయం లేదు, మళ్లీ బలం పుంజుకుని వెళ్లండి. నెమ్మదిగా అంటుకుంది. చివరికి జపాన్‌లో పదిహేను లక్షల దాకా అమ్ముడుపోయింది. పత్రిక లేకపోతే ఈ ఆట నిలిచేది కాదని నేననుకుంటాను. కొత్త సాహిత్య ప్రక్రియకు పాఠకులను తయారుచేసినట్టే, హోరీ తన ఆటకు ఆటగాళ్లను తయారుచేసుకున్నాడు.

మన తెలుగువాళ్లకు ఈ ఆటల నడక కొత్తగా అనిపించకూడదు. మధిర సుబ్బన్న దీక్షితులు 'కాశీమజిలీ కథల్లో' మణిసిద్ధుడు, గొల్లపిల్లవాడు ఎలా నడిచారో గుర్తు తెచ్చుకోండి. రోజంతా ప్రయాణం, పొద్దుగూకితే ఒక ఊరు, ఆ ఊళ్లో కంటపడిన వింత, దాని వెనక ఒక కథ, తెల్లారితే మళ్లీ దారి. డ్రాగన్ క్వెస్ట్‌లో కూడా పగలంతా అడవిలో భూతాలతో పోరాటం, తర్వాత ఒక ఊరు, ఒక పూటకూళ్ల ఇల్లు, ఊరివాళ్లు చెప్పే ముక్కలు ముక్కల కథలు. మజిలీ లేకపోతే ప్రయాణం సాగదు.

ఇక్కడే పెద్ద చిక్కు వచ్చింది. మజిలీలో పడుకుని తెల్లారి లేచేసరికి నిన్నటి ప్రయాణం గుర్తుండాలి కదా. ఫామికామ్‌కు గుర్తు ఉండదు. స్విచ్ ఆపితే అంతా పోతుంది. దీనికి హోరీ బృందం వేసిన ఉపాయం, రాజుగారు చెప్పే పునరుజ్జీవన మంత్రం. ఆట ఆపేముందు రాజు దగ్గరికి వెళ్తే 20 అక్షరాల మంత్రం చెబుతాడు. నీ బలం, నీ డబ్బు, నీ కత్తి అన్నీ ఆ అక్షరాల్లో సంకేతంగా ఉంటాయి. దాన్ని నోటుపుస్తకంలో రాసుకుని రేపు మళ్లీ కొడితే ఆగినచోటు నుంచి మొదలవుతుంది. 1987 జనవరిలో వచ్చిన రెండో ఆటలో ముగ్గురు వీరులు, కాబట్టి మంత్రం 52 అక్షరాల దాకా పెరిగింది. మసక టీవీ తెర మీద 'ను', 'నె', 'మె' అక్షరాలు జపనీస్‌లో ఒకదానికొకటి అచ్చం అక్కచెల్లెళ్లలా ఉంటాయి. ఒక్కటి తప్పు రాసుకుంటే వారం రోజుల కష్టం గంగపాలు. ఆ తరం జపనీయులను కదిపితే ఇవాళ్టికీ ఆ నోటుపుస్తకాల బాధ చెప్పుకుంటారు.

మూడో ఆటకు ఆ బాధ తీరింది. క్యాసెట్ లోపల 8 కిలోబైట్ల చిన్న జ్ఞాపకపు చిప్పు, దానికి ప్రాణం పోయడానికి నాణెమంత లిథియం బ్యాటరీ. కరెంటు తీసేసినా ఆ బ్యాటరీ నుంచి సన్నగా విద్యుత్తు పారుతూ చిప్పును మెలకువగా ఉంచుతుంది. ముగ్గురు అన్నదమ్ములుంటే ముగ్గురివీ మూడు ఖాతాలు వేరుగా దాచుకోవచ్చు. అన్నట్టు, రీసెట్ బొత్తాం నొక్కిపట్టి ఉంచి మరీ పవర్ ఆపాలి. తొందరలో మర్చిపోతే ఖాతా చెరిగిపోవచ్చు. చెరిగినప్పుడు వినిపించే సంగీతం ఒకటుంది. దాన్ని విన్నవాళ్లు జన్మలో మర్చిపోరు. ఆట మొత్తం 256 కిలోబైట్లకు పెరిగినా చోటు చాలక, మొదట కనిపించాల్సిన అందమైన పేరు బొమ్మనే తీసేశారు. నల్ల తెర మీద ఉట్టి అక్షరాలతో మొదలవుతుంది. జపాన్ చరిత్రలో జనం అంతగా ఎగబడిన ఆటకు ముఖచిత్రం లేదు.

అయితే బ్యాటరీని ఈ కథల ఆటల్లో హోరీకన్నా రెండు నెలల ముందే వాడుకున్న ప్రత్యర్థి ఒకడున్నాడు. యోకొహామా జాతీయ విశ్వవిద్యాలయంలో చదువు మధ్యలో వదిలేసి స్క్వేర్ కంపెనీలో చేరిన హిరొనొబు సకగూచి. కరెంటు లైన్లు వేసే వ్యాపార కుటుంబంలోంచి పుట్టిన కంపెనీ అది. వరసగా తీసిన ఆటలు అంతంతమాత్రంగా పోయాయి. ఇది కూడా పోతే కాలేజీకి తిరిగి వెళ్లిపోతానని సకగూచి నిశ్చయించుకున్నాడు. ఆ ఆటే 1987 డిసెంబరు 18న వచ్చిన 'ఫైనల్ ఫాంటసీ'. కంపెనీ ముందు రెండు లక్షల క్యాసెట్లే వేద్దామంటే, అంత తక్కువ వేస్తే రెండో భాగానికి అవకాశమే రాదని వాదించి నాలుగు లక్షలు వేయించాడు. ప్రోగ్రాము రాసింది ఇరాన్‌లో పుట్టి, అమెరికాలో ఆపిల్ కంప్యూటర్ల ఆటలతో పేరు తెచ్చుకున్న నాసిర్ జెబెలీ. రెండో ఆట మధ్యలో ఆయన వీసా గడువు తీరిపోయి కాలిఫోర్నియా వెళ్లిపోవాల్సివస్తే, స్క్వేర్ బృందం యంత్రాలు మూటగట్టుకుని శాక్రమెంటోకు ఆయన వెంటే వెళ్లింది. బొమ్మలు యొషితక అమానోవి, సంగీతం నొబువొ వెమత్సుది.

ఈ రెండు ఇళ్ల మధ్య పోటీయే ఆ దశాబ్దానికి ఊపిరి. హోరీ ఆటల్లో నాయకుడు మాట్లాడడు, ఎందుకంటే అతను నువ్వే. సకగూచి ఆటల్లో ప్రతివాడికీ పేరు, గతం, దుఃఖం ఉంటాయి. వాళ్లు చచ్చిపోతారు కూడా. హోరీ ప్రతి ఆటలోనూ పాత కిటికీలనే మెరుగుపెట్టాడు. సకగూచి ప్రతి ఆటకూ లోకాన్నీ మనుషులనూ కొత్తగా కట్టాడు. సెగా కంపెనీ 1987 డిసెంబరు 20న, అంటే ఫైనల్ ఫాంటసీ వచ్చిన రెండు రోజులకే, 'ఫాంటసీ స్టార్' తెచ్చింది. అన్నను చంపినవాళ్ల మీద పగబట్టిన అమ్మాయి అందులో నాయిక. దాని చిత్రకారుల్లో ముఖ్యురాలు రియెకొ కొదామా అనే యువతి. సెగా పెట్టె జపాన్‌లో పెద్దగా ఆడకపోవడంవల్ల ఈ ఆటకు దక్కాల్సినంత పేరు దక్కలేదనేది నా అభిప్రాయం.

ఇప్పుడు రెండో ప్రశ్న. ఈ సందడి జరుగుతున్న రోజుల్లో తార్నాక ఏం చేస్తోంది?

ఎలక్ట్రానిక్స్ తెలియని ఊరు కాదు మనది. తార్నాక చౌరస్తా నుంచి మౌలాలీ దాటితే ఈసీఐఎల్. 1967లో పెట్టిన ఆ ప్రభుత్వ సంస్థ టీడీసీ-12, టీడీసీ-316 కంప్యూటర్లు తయారుచేసింది. హైదరాబాదు ఇళ్ల ముందుగదుల్లో కూర్చున్న ఈసీ టీవీ కూడా దానిదే. చౌరస్తాకు ఒకవైపు ఉస్మానియా, పక్కనే ఎన్జీఆర్ఐ, సీసీఎంబీ, ఐఐసీటీ, జాతీయ పోషకాహార సంస్థ. దేశంలో ఇంతమంది శాస్త్రవేత్తలు ఇంత దగ్గర దగ్గరగా ఉండే పేటలు తక్కువ. కానీ మన వ్యవస్థ దృష్టిలో కంప్యూటర్ అంటే అణుశక్తి లెక్కలకూ రైల్వే బుకింగులకూ పనికొచ్చే యంత్రం. ఆట అంటే చదువు పాడుచేసేది. విదేశాల నుంచి వచ్చే ఆటసామాను మీద సుంకం మోపెడు. చిప్పులు చేయగల ఇంజినీర్లు ఉన్నారు, ఆటను పనిగా చూసే చూపు లేదు. ఇల్లినాయ్‌లోనూ అధికారులు ఆటలను చెరిపేశారు గదా అంటే, అక్కడ చెరిపేశాక మళ్లీ ఎక్కించడానికి కుర్రాళ్ల చేతికి కంప్యూటర్ అందేది. మన కుర్రాళ్లకు కంప్యూటర్ అద్దాల వెనక, ఏసీ గదిలో, చెప్పులు విడిచి చూసే వస్తువు.

మనకు వచ్చింది సమురాయ్ పేరుతో అమ్మిన టీవీ గేము, ఆ వెనకే తైవాన్, చైనాల నుంచి వచ్చిన ఫామికామ్ నకళ్లు. 'లిటిల్ మాస్టర్' వాటిలో బాగా తెలిసిన పేరు. 1991 తర్వాత ఇవి అబిడ్స్ జగదీశ్ మార్కెట్లో, సికింద్రాబాద్ జనరల్ బజార్లో దొరికేవి. లాలాగూడ రైల్వే క్వార్టర్లలో, హబ్సిగూడ వీధుల్లో ఏదో ఒక ఇంట్లో ఉండేది, వీధిలో పిల్లలందరికీ అదే దిక్కు. వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే షాపులవాళ్లు మూలన ఒక టీవీ పెట్టి గంటకింత అని ఆడించేవారు. ఎండాకాలం సెలవుల్లో ఆ షాపుల ముందు చెప్పుల గుట్టలు. మారియో, కాంట్రా, ట్యాంకుల ఆట, సర్కస్ ఆట. క్యాసెట్ నోట్లో ఊది పెడితే పనిచేస్తుందని గట్టి నమ్మకం.

ఆ నకలు క్యాసెట్ల లెక్క వేరు. ఒకదానిలో వంద ఆటలు, వెయ్యి ఆటలు అని అట్ట మీద అంకెలు ఉంటేనే అమ్ముడుపోతుంది. మారియో 40 కిలోబైట్లు, ట్యాంకుల ఆట ఇంకా చిన్నది. అలాంటి చిన్నవి ఎన్నో కుక్కవచ్చు. 256 కిలోబైట్ల ఫైనల్ ఫాంటసీ, దానికి ప్రత్యేకమైన చిప్పు, పైన బ్యాటరీ, ఇవన్నీ పెట్టి ఒక్క ఆట అమ్మితే దొంగసరుకు చేసేవాడికి ఏం మిగులుతుంది? కాబట్టి బ్యాటరీ తీసేశాడు. బ్యాటరీ తీసేస్తే మజిలీ లేదు. మజిలీ లేకపోతే కాశీ ప్రయాణమూ లేదు. గంటకింత అని ఆడే షాపులో నలభై గంటల కథ ఎవరు మొదలుపెడతారు? ఒకవేళ మొదలుపెట్టినా, ఏప్రిల్ నెలలో హైదరాబాదు కరెంటు కోతకు ఏ రాజుగారి మంత్రం ఆగుతుంది?

అరుదుగా ఏ బంధువో జపాన్ నుంచి అసలు ఫామికామే తెచ్చిచ్చాడనుకుందాం. అక్కడ కరెంటు 100 వోల్టులు, మన దగ్గర 230. అడాప్టరు నేరుగా గోడకు గుచ్చితే కాలిపోతుంది. బొమ్మ పంపే పద్ధతీ వేరు: వాళ్లది ఎన్‌టీఎస్‌సీ, మనది పాల్. ఈ రెండూ దాటి ఆట తెర మీదికి వచ్చినా అది మొత్తం జపనీస్. మారియోకు భాష అక్కర్లేదు, హోరీకి కావాలి. తన దేశపు పిల్లలకు ఇంగ్లిషు గోడ కూల్చిపెట్టిన మనిషి ఆటే మన పిల్లలకు ఇంకో గోడ అయింది. తార్నాకలోనే ఉన్న సీఫెల్, ఇప్పటి ఇఫ్లూ, జపనీస్ నేర్పే చోటు. ఆ ప్రహరీ బయట ట్యాంకుల ఆట ఆడుతున్న పిల్లలకూ లోపలి తరగతి గదులకూ మధ్య దారి ఉండి ఉంటే ఎలా ఉండేదోనని నాకు తరచూ అనిపిస్తుంది. 1917లో తర్జుమా విభాగం పెట్టి, శాస్త్రగ్రంథాలను ఉర్దూలోకి తెచ్చుకున్న తర్వాతనే తలుపులు తెరిచిన విశ్వవిద్యాలయం ఉస్మానియా. పరభాషలోని విద్యను పిల్లల చేతికి అందే భాషలోకి మార్చడం ఈ నేలకు తెలియని పని కాదు. ఆటల విషయంలో ఎవరూ ఆ పని చేయలేదు.

సక్రమమైన దారి ఒకటి తెరుచుకుంది గానీ, ఇరుకుది. 1990ల నడుమ షా వాలెస్ కంపెనీ సెగా మెగా డ్రైవ్‌ను మన దేశంలో అమ్మింది. ధర 18,000 రూపాయలు. యూనివర్సిటీ ఉద్యోగి ఇంట్లో ఆ డబ్బుతో ఆటపెట్టె కొనడం ఊహకందని మాట.

చివరికి ఈ ఆటలు క్యాంపస్‌కు పెట్టెలో రాలేదు, తీగ మీద వచ్చాయి. 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ మన దేశంలో ఇంటర్నెట్ సేవ మొదలుపెట్టింది. 1997లో నెస్టికిల్, జడ్‌స్నెస్ అనే ఎమ్యులేటర్లు వచ్చాయి. మామూలు కంప్యూటరును ఫామికామ్ లాగా, దాని తర్వాతి పెట్టె సూపర్ ఫామికామ్ లాగా నటింపజేసే ప్రోగ్రాములవి. సరిగ్గా ఆ కాలంలోనే 'ఫైనల్ ఫాంటసీ 5'ను అభిమానులే ఇంగ్లిషులోకి తెచ్చి ఇంటర్నెట్‌లో పంచారు. కంపెనీలు కట్టని వంతెనను ఆటగాళ్లు కట్టుకున్నారు. కొన్నేళ్లకు తార్నాక, విద్యానగర్ వీధుల్లో ఇంటర్నెట్ సెంటర్లు వెలిశాయి. ఆట ఒక ఫ్లాపీలో పట్టేది. ఇంజినీరింగ్ హాస్టల్ గదిలో నలుగురు డబ్బులేసుకుని అసెంబ్లింగ్ చేయించుకున్న కంప్యూటర్, సికింద్రాబాద్ చినాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి తెచ్చిన విడిభాగాలతో. రాత్రి పన్నెండు దాటాక దాని ముందు వంతులు. హక్కుల లెక్కలో ఇది దొంగదారే. కానీ పదేళ్లు ఆలస్యంగానైనా ఈ కథలు తెలుగు కుర్రాళ్లకు చేరింది ఆ దారిలోనే. ఎమ్యులేటర్‌కు బ్యాటరీతో పనిలేదు, ఏ క్షణంలోనైనా ఆటను ఉన్నదున్నట్టు దాచుకోవచ్చు. కరెంటు కోత భయమూ సగం తీరింది.

ఇప్పుడు వెనక్కి తిరిగి చూసే తరం వచ్చింది. ఆనాటి పెట్టెలను వెతికి తెచ్చుకుని, డబ్బా టీవీకి తగిలించి ఆడేవాళ్లు మన నగరంలోనూ ఉన్నారు. ఎల్‌ఈడీ తెర మీద ఆ బొమ్మలు గళ్లుగళ్లుగా, గరుకుగా కనిపిస్తాయి. డబ్బా టీవీ మీద చుక్కలు ఒకదాన్నొకటి ఒరుసుకుని కలిసిపోతాయి. ఆ బొమ్మలు గీసినవాళ్లు ఆ మసకను లెక్కలోకి తీసుకునే గీశారు. అసలు క్యాసెట్ దొరికితే మాత్రం ఒక సంగతి గుర్తుంచుకోవాలి: లోపలి బ్యాటరీ ఆయువు పదిహేను, ఇరవై ఏళ్లు. చాలావాటిలో అది ఎప్పుడో చచ్చిపోయింది, దానితోపాటు ముక్కూమొహం తెలియని ఏ జపాన్ పిల్లాడో దాచుకున్న ప్రయాణమూ పోయింది. కోఠి గుజరాతీ గల్లీలో అలాంటి బ్యాటరీ చవగ్గా దొరుకుతుంది. సోల్డరింగ్ తెలిసిన చేయి ఉంటే పావుగంట పని.

ఏది ఆడాలని క్యాంపస్ పిల్లలు అడిగితే నేను మొదటి డ్రాగన్ క్వెస్ట్ చెప్పను. అది గౌరవంగా చూడాల్సిన శిల్పం. ఆ మెట్ల మెనూ, ఆ ఎడతెగని భూతాలు కొత్తవాళ్లను విసిగిస్తాయి. 1995 మార్చి 11న వచ్చిన 'క్రోనో ట్రిగ్గర్' చెబుతాను. హోరీ, సకగూచి, తొరియామా ముగ్గురూ, పోటీ కంపెనీల గోడలు దాటి ఒకే ఆటకు కూర్చున్నారు. అప్పటికి ఎనిక్స్, స్క్వేర్ ఇంకా శత్రువులే, 2003లో గానీ ఒకటి కాలేదు. కాలంలో ముందుకూ వెనక్కూ తిరిగే కథ అది. 4 మెగాబైట్ల క్యాసెట్‌లో పదికి పైగా ముగింపులు. పోరాటానికి వేరే తెర లేదు, నడిచే దారిలోనే శత్రువు కనిపిస్తాడు. ఇన్నేళ్లయినా ఎక్కడా తడబడదు. ఒకసారి ముగించాక అదే బలంతో మళ్లీ మొదటినుంచి ఆడుకునే వీలు కూడా ఇచ్చారు. ప్రత్యర్థుల చేతులు కలిస్తే ఏమవుతుందో చూడాలంటే దీన్ని మించిన సాక్ష్యం నాకు తెలియదు.

ఆ కలయిక జరిగిన పది నెలలకే స్క్వేర్ కంపెనీ తనను పెంచిన నింటెండోను వదిలిపెట్టింది. 1996 జనవరిలో, కొత్త ఫైనల్ ఫాంటసీ సోనీ ప్లేస్టేషన్ మీద వస్తుందని ప్రకటించింది. క్యాసెట్‌ను పట్టుకు వేలాడిన నింటెండోకూ, సీడీ కావాలన్న సకగూచికీ మధ్య జరిగిన ఆ తెగతెంపులు, మరుసటి నెలలోనే గేమ్‌బాయ్ అనే పాతబడిన చేతిపెట్టె మీద మొదలైన 'పోకెమాన్' ప్రభంజనం, మూడు సీడీల 'ఫైనల్ ఫాంటసీ 7' కోఠి సీడీ దుకాణాలకు చేరిన తీరు వచ్చే భాగంలో చెప్పుకుందాం.